ఇరుసు దగ్గర కాపలా: ఆయిల్ సీలు కథ

(వ్యాసకర్త: ఒక విశ్రాంత స్టోర్సు గుమాస్తా)



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా సంఘం వారు కోరారు. రాజుల గురించీ, కోటల గురించీ వ్రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను మాత్రం నాకు తెలిసిన విషయాన్నే ఎన్నుకున్నాను. నా సర్వీసులో ఎక్కువ కాలం ఒక ఇంజనీరింగు శాఖ వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాగా గడిచింది. బిన్ కార్డులు, స్టాకు రిజిస్టర్లు, ఇండెంట్ల మధ్యనే తల నెరిసింది. ఆ అరల్లో అన్నింటికంటె చిన్నదీ, చవకైనదీ, ఎవరూ లెక్కచేయనిదీ ఒక వస్తువు ఉండేది. అదే ఆయిల్ సీలు. చూడటానికి నల్లగాజులా ఉంటుంది. తిరిగే ఇరుసు చుట్టూ కూర్చుని, లోపలి నూనె బయటకు పోకుండా, బయటి దుమ్ము లోపలికి రాకుండా కాపలా కాయడమే దాని ఉద్యోగం.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, ఈమధ్య సిమెంటు రోడ్ల పనుల దగ్గరా, గోదాముల్లోనూ, ఫ్యాక్టరీ ఆవరణల్లోనూ ఒక పొట్టి యంత్రం కనిపిస్తున్నది. ముందు తొట్టి, నాలుగు చక్రాలు, మధ్యలో పంజరం లాంటి గదిలో డ్రైవరు. ఉన్నచోటనే బొంగరంలా తిరుగుతుంది. దీనిని స్కిడ్ స్టీర్ లోడరు అంటారు. మన సభ్యుల పిల్లలు కొందరు అప్పు చేసి ఇలాంటి యంత్రాలు కొని అద్దెకు తిప్పుతున్నారు. ఆ అప్పుకు ముందు కట్టిన సొమ్ము చాలాచోట్ల తండ్రి గ్రాట్యుటీయో, కమ్యుటేషనో అయి ఉంటుంది. కాబట్టి ఇరుసు దగ్గర కారే నూనె చుక్క మన పెన్షను పుస్తకానికి దూరపు విషయమేమీ కాదు.

బండి కందెన నాటి నుంచి

ఇరుసుకు జిడ్డు కావాలన్న సంగతి మనిషికి చాలా పాతకాలం నుంచీ తెలుసు. ఈజిప్టులో క్రీస్తు పూర్వం సుమారు 1400 నాటి యుయా, థుయా దంపతుల సమాధిలో దొరికిన రథం ఇరుసు మీద జంతువుల కొవ్వు జాడలు కనిపించాయి. మన పల్లెల్లో ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసేవారు. బండితోబాటు ఒక గొట్టంలో దాన్ని ఉంచుకుని, కీచుమన్నప్పుడల్లా చక్రం కొంచెం జరిపి పూసేవారు. సుమతీ శతకంలో కరణాల మీద ఉన్న పద్యానికి కూడా ఈ ఇరుసు కందెనే పోలిక. గుమాస్తాగిరీ చేసిన మనవాళ్ళకు ఆ పద్యం గుర్తు చేయనక్కరలేదు.

అయితే బండి ఇరుసుకు సీలు లేదు. పూసిన కందెన కొంత కారిపోయేది, కొంత దుమ్ముతో కలిసి గట్టిపడేది. బండి నెమ్మదిగా నడుస్తుంది గనుక మళ్ళీ పూసుకుంటే సరిపోయేది. వేగం పెరిగిన కొద్దీ ఈ పద్ధతి చాలలేదు. ఆవిరి యంత్రాల కాలంలో కదిలే కడ్డీ చుట్టూ కొవ్వు పట్టించిన జనపనార తాడు కుక్కి, పైన బిళ్ళ బిగించేవారు. రైలు పెట్టెల ఇరుసు పెట్టెల్లో నూనెలో తడిపిన పీచు ఉంచేవారు. నూనె తగ్గితే ఇరుసు కాలిపోయేది. రైల్వేలో పనిచేసిన మిత్రులను అడిగితే హాట్ యాక్సిల్ అన్న మాటకు ఎంత హడావుడి జరిగేదో చెబుతారు.

తోలు పోయి రబ్బరు వచ్చింది

మోటారు వాహనాలు వచ్చిన తరువాత గేరు పెట్టెలోనూ, ఇరుసు గొట్టంలోనూ నూనె నిలవ ఉంచవలసి వచ్చింది. ఇరుసు తిరగాలి, కానీ దాని పక్క నుంచి నూనె రాకూడదు. మొదట్లో ఈ పనికి ఉన్ని గుడ్డ, తరువాత తోలు వాడారు. జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో 1849లో మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ తోళ్ళు ఊనే వ్యాపారం చేసేది. 1929 ఆర్థిక మాంద్యంలో తోలు గిరాకీ పడిపోగా, ఆ సంస్థ తోలుతో సీళ్ళు చేయడం మొదలుపెట్టింది. అక్కడి వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు లోహపు కట్టులో తోలును బిగించి రూపొందించిన సీలుకు ఆయన పేరు మీదనే సిమ్మర్‌రింగ్ అనే పేరు వచ్చింది. అమెరికాలో 1878లో పుట్టిన చికాగో రాహైడ్ కంపెనీ కూడా తోలు వ్యాపారం నుంచే సీళ్ళ తయారీకి వచ్చింది.

తోలుకు ఒక గుణం ఉంది. అది నూనె పీల్చుకుని మెత్తగా ఇరుసును హత్తుకుంటుంది. వేడి ఎక్కువైతే మాత్రం బిరుసెక్కి పగులుతుంది. చెట్టు రబ్బరు వాడదామంటే అది పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. ఈ చిక్కు 1930లలో జర్మనీలో తయారైన నైట్రైల్ రబ్బరుతో తీరింది. అది నూనెకు ఉబ్బదు, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత తోలు సీళ్ళు వెనుకబడ్డాయి, రబ్బరు సీళ్ళు అంతటా వచ్చాయి. ఇంకా ఎక్కువ వేడికి ఆగే ఫ్లోరిన్ రబ్బరును డ్యూపాంట్ కంపెనీ వైటాన్ పేరుతో 1957లో అమ్మకానికి తెచ్చింది.

ఈ సీలు నిర్మాణం చూడండి. బయట లోహపు కట్టు. అది గూట్లో బిగుతుగా కూర్చుంటుంది. లోపల సన్నని రబ్బరు పెదవి. ఆ పెదవి వెనుక దారంలాంటి స్ప్రింగు చుట్టి ఉంటుంది. పెదవి ఇరుసును ఒట్టిగా రాచుకోదు. రెండింటి మధ్యా వెంట్రుక మందంలో ఎన్నో వంతుకు గాని రాని పలుచని నూనె పొర ఉంటుంది. ఆ పొర లేకపోతే పెదవి కాలిపోతుంది, మందమైతే నూనె కారుతుంది. పెదవి వాలు రెండు వైపులా ఒకటిగా ఉండదు గనుక, ఇరుసు తిరిగేటప్పుడు జారివచ్చిన నూనెను అది తిరిగి లోపలికి నెడుతుంది. అంటే సీలు ఒట్టి అడ్డుగోడ కాదు, ఒక చిన్న పంపు కూడా. అందుకే దాన్ని తిరగేసి బిగిస్తే ఎంత కొత్తదైనా నూనెను బయటకు తోడిపోస్తుంది.

టర్కీ కోళ్ళ కొట్టంలో పుట్టిన యంత్రం

ఇక లోడరు సంగతి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రోత్సే అనే చిన్న ఊరుంది. అక్కడ లూయీ కెల్లర్, సిరిల్ కెల్లర్ అనే అన్నదమ్ములకు వెల్డింగు, రిపేరు షాపు ఉండేది. ఎడ్డీ వెలో అనే టర్కీ కోళ్ళ రైతు 1956లో వారి దగ్గరకు వచ్చాడు. ఆయన కొట్టం రెండంతస్తులది, లోపల స్తంభాలు ఎక్కువ. పెంట ఎత్తి పోయడానికి ట్రాక్టరు పట్టదు. పై అంతస్తు బరువు మోయదు. తేలికగా ఉండి, స్తంభాల మధ్య తిరగగలిగే యంత్రం కావాలన్నాడు. అన్నదమ్ములు 1957 ఫిబ్రవరిలో మూడు చక్రాల లోడరు చేసి ఇచ్చారు. ముందు రెండు చక్రాలు లాగేవి. వెనుక ఒక్క చక్రం కుర్చీ కాలి చక్రంలా ఎటు కావాలంటే అటు తిరిగేది. రెండు వైపుల చక్రాలనూ వేరువేరుగా ముందుకూ వెనక్కూ నడిపే క్లచ్చి ఏర్పాటే వారి తెలివి.

1958లో మెల్రో అనే వ్యవసాయ పనిముట్ల కంపెనీ వారు ఆ యంత్రాన్ని మిన్నెసోటా రాష్ట్ర ప్రదర్శనలో పెట్టించారు. జనం ఆదరణ చూసి తయారీ హక్కు తీసుకుని, ఉత్తర డకోటాలోని గ్విన్నర్ అనే ఊళ్ళో తయారు చేయసాగారు. 1960లో వెనుక చక్రం తీసి రెండవ ఇరుసు పెట్టారు. నాలుగు చక్రాలూ లాగసాగాయి. నిజమైన స్కిడ్ స్టీర్ లోడరు అదే. 1962లో దానికి బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి పేరు పెట్టారు. 2014 నాటికి ఆ కంపెనీ పదిలక్షల లోడర్లు చేసింది. ఇద్దరు అన్నదమ్ములూ కాలం చేసిన తరువాత, 2023లో, అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో వారి పేర్లు చేరాయి. కాలేజీ చదువుల గొప్ప కాదు, రిపేరు షాపులో గిరాకీదారు బాధ విన్న గొప్ప అది.

సీలుకు వచ్చిన కష్టం

మూడు చక్రాల యంత్రంలో వెనుక చక్రం తిరిగేది గనుక మలుపు సుఖంగా సాగేది. నాలుగు చక్రాల యంత్రంలో ఏ చక్రమూ పక్కకు తిరగదు. కుడివైపు చక్రాలు ముందుకు, ఎడమవైపువి వెనక్కు నడిస్తే యంత్రం నేలను గీరుకుంటూ ఉన్నచోటనే తిరుగుతుంది. బలం పెరిగింది, చురుకుదనం నిలిచింది. కానీ ప్రతి మలుపులోనూ టైరు పక్కకు ఈడ్చబడుతుంది. ఆ ఈడ్పు ఇరుసు మీద, ఇరుసు నుంచి బేరింగు మీద పడుతుంది. బేరింగులో కొద్దిగా ప్లే వచ్చిందంటే ఇరుసు ఊగుతుంది. ఇరుసు ఊగితే సీలు పెదవి ఒక పక్క నలుగుతుంది, ఇంకో పక్క సందు విడుస్తుంది.

ఈ యంత్రాలలో చాలావాటికి రెండు పక్కలా చైను పెట్టెలు ఉంటాయి. హైడ్రాలిక్ మోటారు తిప్పే చైన్లు ముందు, వెనుక ఇరుసుల పళ్ళచక్రాలను తిప్పుతాయి. పెట్టె అడుగున నూనె ఉంటుంది. ఆ నూనెకు, బయటి బురదకు మధ్య ఉన్న కాపలాదారే ఇరుసు సీలు. బురద, పేడ, ఇసుక, సిమెంటు పొడి అన్నీ చక్రం వెనుక చేరతాయి. ప్లాస్టిక్ తాడో, బైండింగు వైరో ఇరుసుకు చుట్టుకుని సీలును కోస్తుంది. పెదవిలో ఇరుక్కున్న ఇసుక రేణువు ఆకురాయిలా పనిచేసి గట్టి ఉక్కు మీదనే గాడి తీస్తుంది. మెత్తటి రబ్బరు ఉక్కును తింటుందా అని చాలామంది ఆశ్చర్యపోతారు. తినేది రబ్బరు కాదు, దానిలో చిక్కిన ఇసుక.

కారినపుడు చేయవలసినది

చక్రం లోపలి పక్క, రిమ్ము మీద నల్లగా తడి మరక కనిపించడం మొదటి గుర్తు. అప్పుడు చైను పెట్టెలో నూనె మట్టం చూడాలి. ఆ తరువాత మంచి మెకానిక్కు చేసే పని ఇదీ. యంత్రాన్ని చదునైన గట్టినేల మీద నిలిపి, ఇంజను ఆపి, తొట్టి చేతులను పూర్తిగా దించాలి. దించడం కుదరకపోతే కంపెనీ వారు ఇచ్చిన అడ్డుకడ్డీతో బిగించాలి. ఎత్తిన చేతుల కింద ఏ ఆధారం లేకుండా తల దూర్చకూడదు. ఆ నిర్లక్ష్యానికి ప్రాణాలే పోతాయి. యంత్రాన్ని లేపి బలమైన స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్ముకోరాదు.

తరువాత చైను పెట్టె నూనె దించి, చక్రం విప్పి, పెట్టె మూత తీయాలి. లోపల ఇరుసు చివర ఉన్న బోల్టు విప్పి, పళ్ళచక్రాన్నీ చైనునూ తప్పించి, ఇరుసును బయటకు లాగాలి. ఇవన్నీ కంపెనీని బట్టి కొంచెం మారతాయి గనుక ఆ యంత్రం పుస్తకం దగ్గర ఉండాలి. పాత సీలును ఊడదీయడం పెద్ద పని కాదు. ఊడదీసిన తరువాత ఆగి చూడటమే అసలు పని. బేరింగు గోళీలు, గిన్నె గరుకెక్కాయా? పెదవి కూర్చునే చోట ఇరుసు మీద గోటికి తగిలే గాడి ఉందా? గాడి ఉంటే కొత్త సీలు కూడా కొద్దికాలానికే కారుతుంది. కొన్ని యంత్రాల్లో ఆ చోట విడిగా మార్చుకునే ఉంగరం ఉంటుంది, దాన్ని మార్చాలి. లేనిచోట 0.28 మిల్లీమీటరు మందం గల ఉక్కు తొడుగు దొరుకుతుంది. అది తొడిగితే గాడి కప్పబడి, అదే కొలత సీలు సరిపోతుంది.

కొత్త సీలు పెట్టేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు ఉండాలి. పెదవికి కొంచెం గ్రీజు రాయాలి. వంకర లేకుండా, సీలంత వెడల్పున్న గుండ్రని దిమ్మతో సమంగా దింపాలి. ఒక పక్క సుత్తితో కొడితే కట్టు వంగి మొదటి రోజే కారుతుంది. ఇరుసు దూర్చేటప్పుడు దాని గాళ్ళు, పదునైన అంచులు పెదవిని కోయకుండా చూడాలి. బేరింగు బిగువు, బోల్టు బిగువు పుస్తకంలో చెప్పిన లెక్క ప్రకారమే ఉండాలి. చివరికి చైను వదులు చూసుకుని నూనె సరైన మట్టానికి పోయాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం పొరపాటు. పెట్టెకు గాలి పోయే బ్రీదరు రంధ్రం శుభ్రంగా ఉందో లేదో చూడటం మరవకూడదు.

ఈ బ్రీదరు మాట నేను వర్క్‌షాపులో విన్నది. ఒక ట్రాక్టరు వెనుక ఇరుసు సీలు ఒకే సంవత్సరంలో రెండుసార్లు ఇండెంటు చేసి మార్చారు. మళ్ళీ కారింది. మూడవ ఇండెంటు నా బల్ల మీదకు వచ్చినపుడు, పాత సీలు కూడా జతచేసి పంపమని నోటు పెట్టాను. మా ముసలి ఫిట్టరు మేస్త్రి ఆ సీలును చేతిలో తిప్పి చూసి, "గుమాస్తా గారూ, సీలు బాగానే ఉందండీ. కుండ మూత బిగించేస్తే ఆవిరి ఎక్కడో ఒకచోట తన్నుకొస్తుంది గదా. ఇదీ అంతేనండీ" అన్నాడు. బండి దగ్గరకు వెళ్ళి, మట్టితో పూడిపోయిన బ్రీదరును తీసి కిరసనాయిలుతో కడిగాడు. సీలు మార్చి బిగించారు. ఆ తరువాత ఆ బండి పేరున సీలు ఇండెంటు చాలాకాలం రాలేదు.

లాగు బుక్కులో దాగిన మాట

ఇటువంటి రోగాన్ని ముందుగా పట్టుకునేది మెకానిక్కు కంటె లాగు బుక్కే. ప్రతి వారం చైను పెట్టెలో కొంచెం కొంచెం నూనె పోస్తున్నారంటే, ఆ నూనె ఎక్కడికో పోతున్నదన్న మాట. డ్రైవరు అది వ్రాస్తాడు, పైన సంతకం పడుతుంది, ఎవరూ చదవరు. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి కమ్యుటేషను సొమ్ము పెట్టి కొడుకు చేత లోడరు కొనిపించారు. రిమ్ము మీద మరక కనిపించింది. పనుల సీజను గదా, అయ్యాక చూద్దాం అనుకున్నారు. నూనె పోస్తూ నడిపారు. కారిన దారినే నీళ్ళు, ఇసుక లోపలికి వెళ్ళాయి. బేరింగు పగిలింది. ఇరుసు, బేరింగు కూర్చునే గూడు రెండూ పాడయ్యాయి. సరిగ్గా సీజనులోనే మూడు వారాలు యంత్రం నిలిచిపోయింది. వాయిదా మాత్రం నిలవలేదు. ఆ నెలలు తండ్రి పెన్షను నుంచే కట్టారు. ఆ కుటుంబంలో నెలల తరబడి తండ్రీ కొడుకులు సరిగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆ అబ్బాయి ప్రతి సాయంత్రం తానే నాలుగు చక్రాల వెనుక గుడ్డపెట్టి తుడిచి చూస్తాడు.

చిన్న రబ్బరు కట్టు ఎంత పెద్ద నష్టం చేయగలదో ప్రపంచమంతా చూసిన రోజు ఒకటుంది. 1986 జనవరి 28న అమెరికా వారి ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకండ్లకే ముక్కలై ఏడుగురు మరణించారు. అక్కడ చెడినది తిరిగే ఇరుసు సీలు కాదు, రాకెట్టు అతుకు దగ్గర పెట్టిన రబ్బరు వలయం. చలికి అది బిరుసెక్కింది. విచారణ సంఘంలో ఉన్న శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను నొక్కిపట్టి మంచునీళ్ళలో ముంచి తీసి, అది వెంటనే పూర్వరూపానికి రావడం లేదని అందరి ఎదుటా చూపించారు. అంతకుముందు ప్రయాణాల్లోనే ఆ వలయాలు కాలిన గుర్తులు కాగితాల మీద ఉన్నాయి. ఎగరవద్దని ముందురోజు రాత్రి ఇంజనీర్లు చెప్పారు కూడా. కాగితం ఉంది, చెప్పినవారున్నారు, వినే చెవి లేకపోయింది.

ఈ చరిత్ర అంతా చూస్తే నాకు తోచేది ఒక్కటే. మూడు వేల ఏళ్ళకు పైగా మనిషి ఇరుసుకు కందెన పెడుతూనే ఉన్నాడు. తోలు పోయి రబ్బరు వచ్చింది, బండి పోయి లోడరు వచ్చింది. కారే చుక్క చెప్పే మాట మాత్రం మారలేదు. అది సీలు చెడిందని ఒక్కటే చెప్పదు. బేరింగు ఊగుతున్నదేమో, ఇరుసు గాడిపడిందేమో, గాలి రంధ్రం పూడిందేమో చూడమని చెబుతుంది. సీలు ఒక్కటే మార్చి మూత బిగిస్తే, జవాబు వ్రాయకుండా ఫైలు మూసినట్లే.

మన ఇళ్ళలో యంత్రం ఉన్న పిల్లలకు సలహా ఇచ్చే వయసు మనది. ఆ యంత్రం గురించి మనకంటె వారికే ఎక్కువ తెలుసు, కాదనను. కానీ రిజిస్టరు చదవడం మనకు తెలుసు. నెలకొకసారి ఆ లాగు బుక్కు తెప్పించుకుని, ఒక కప్పు కాఫీ తాగుతూ, నూనె పోసిన పద్దులు పైనుంచి కిందికి చదవండి. ఒకే పెట్టెకు పదేపదే పోసినట్లు కనిపిస్తే అబ్బాయిని కేకలేయకుండా పిలిచి, "ఎందుకు నాయనా?" అని ఒక్క మాట అడగండి. సర్వీసులో మనం చేసిన పని అదే గదా.

సెలవు.